అంటుకున్నంత మాత్రాన కలిసిపోవు: బరువైన కేంద్రకాలు గుద్దుకుంటే ఏమవుతుంది? (కడపలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకొచ్చి ఇక్కడ కింద కూర్చోండి, బోర్డు బాగా కనపడుతుంది. డిగ్రీ పిల్లలు ఎక్కువమంది ఉన్నారు, ఇంటర్ పిల్లలు కూడా కొంతమంది వచ్చినట్టున్నారు, ఫిజిక్స్‌తో పని లేని పెద్దవాళ్ళూ ఉన్నారు, కాబట్టి సమీకరణాలు రాయను. అంకెలు మాత్రం చెప్తాను, ఎందుకంటే ఈ విషయంలో అందమంతా అంకెల్లోనే ఉంది. ఎక్కడ అర్థం కాకపోయినా చెయ్యెత్తి ఆపండి, చివరిదాకా దాచుకోవద్దు.

మన పాత కడప జిల్లాలో దొరికే రెండు రాళ్ళ గురించి ముందు చెప్తాను. ఒకటి వేముల మండలం తుమ్మలపల్లెలో తవ్వుతున్న యురేనియం ఖనిజం. రెండోది ఓబులవారిపల్లె దగ్గర మంగంపేట ముగ్గురాయి, అంటే బెరైటీస్. చమురు బావులు తవ్వేటప్పుడు బురదకు బరువు రావాలని కలుపుతారు, అందుకే ఓడలెక్కి దేశదేశాలకు పోతుంది. ముగ్గురాయి అంటే రసాయనశాస్త్రంలో బేరియం సల్ఫేట్. ఇప్పుడు చూడండి, యురేనియం పరమాణు సంఖ్య, అంటే కేంద్రకంలోని ప్రోటాన్ల లెక్క, 92, బేరియందేమో 56. వీటి రెండింటికీ సంబంధం ఏమిటి? 1938 డిసెంబరు దాకా ఏ సంబంధమూ లేదనే అందరూ అనుకున్నారు. బెర్లిన్‌లో ఒట్టో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు యురేనియాన్ని న్యూట్రాన్లతో కొట్టి, అందులోంచి రేడియం లాంటిదేదో వస్తోందని వెతుకుతున్నారు. వెతికే పద్ధతిలో కొంచెం బేరియం కలిపి, తర్వాత దాన్నుంచి రేడియాన్ని విడదీయాలి. ఎన్నిసార్లు చేసినా విడిపోలేదు. విడిపోకపోవడానికి కారణం ఒక్కటే, వచ్చింది రేడియం కాదు, బేరియమే. ఆ ఏడాది జులైలోనే నాజీల నుంచి తప్పించుకుని స్వీడన్ చేరిన లీజె మైట్నర్, ఆమె అక్క కొడుకు ఒట్టో ఫ్రిష్ ఇద్దరూ కలిసి లెక్క వేసి, యురేనియం కేంద్రకం రెండుగా చీలుతోందని, చీలిన ప్రతిసారీ దాదాపు 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి బయటికి వస్తుందని తేల్చారు. 92 లోంచి 56 తీసేస్తే 36, అది క్రిప్టాన్. అంతే లెక్క.

మన పాఠ్యపుస్తకాల్లో పాఠం దాదాపు ఇక్కడే అయిపోతుంది. ఒక గుండ్రని బొమ్మ, పక్కన నడుము సన్నబడ్డ బొమ్మ, ఆ పక్కన రెండు ముక్కలు, కింద ఐదు మార్కుల ప్రశ్న. 1939 తర్వాత ఈ రంగంలో ఏమీ జరగలేదేమో అనిపిస్తుంది పిల్లలకు. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే అసలు ఆసక్తికరమైన ప్రశ్న ఆ బొమ్మను తిరగేసి చూస్తే వస్తుంది. ఒక కేంద్రకం రెండుగా చీలగలిగితే, రెండు కేంద్రకాలను తెచ్చి ఒకటిగా చెయ్యగలమా? యురేనియం కంటే బరువైన, ప్రకృతిలో ఎక్కడా దొరకని మూలకాన్ని అలా తయారు చెయ్యగలమా? చెయ్యగలం, చేశారు కూడా, 118 దాకా వెళ్ళారు. కానీ ఆ దారిలో కనపడింది ఏమిటంటే, గుద్దుకుని అంటుకున్న కేంద్రకాల్లో ఎక్కువ భాగం పూర్తిగా కలవకుండానే, మధ్యలోనే విడిపోతాయి. దీన్ని క్వాజీ ఫిషన్ అంటారు. ఈ రోజు చెప్పదలచుకున్నది దీని గురించే.

ఒక ఉదాహరణ పట్టుకుందాం. కాల్షియం 48 అనే ఐసోటోపును తీసుకెళ్ళి యురేనియం 238 మీద కొడతాం. పేరు పక్కనున్న అంకె ఆ కేంద్రకంలోని ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపిన మొత్తం. కాల్షియంలో 20 ప్రోటాన్లు, యురేనియంలో 92, రెండూ ధనావేశమే, కాబట్టి దగ్గరికొచ్చే కొద్దీ ఒకదాన్నొకటి గట్టిగా నెట్టుకుంటాయి. ఈ నెట్టుడును దాటాలంటే సుమారు 190 నుంచి 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. దాన్నే కూలూంబ్ అవరోధం అంటాం. ఆ శక్తి ఇస్తే కాల్షియం వేగం కాంతి వేగంలో పదో వంతు, అంటే సెకనుకు 30 వేల కిలోమీటర్లు. అంతకంటే తక్కువైతే అంటుకోకుండానే పక్కకు తప్పుకుంటుంది. మరీ ఎక్కువైతే, కలిసినా విపరీతంగా వేడెక్కి వెంటనే చీలిపోతుంది. అందుకని అవరోధం మీద నుంచి బొటాబొటిగా దాటేటట్టు వేగాన్ని సర్దాలి. ప్రయోగంలో సగం నేర్పు ఇక్కడే ఉంటుంది.

ఇక దాటిందనుకోండి. రెండు కేంద్రకాల అంచులు ఒకటి రెండు ఫెమ్టోమీటర్ల దూరంలోకి వచ్చాయంటే కేంద్రక బలం పట్టుకుంటుంది, మధ్యలో ఒక మెడ లాగా ఏర్పడుతుంది. ఆ మెడ గుండా న్యూట్రాన్లు, ప్రోటాన్లు అటు నుంచి ఇటు రావడం మొదలుపెడతాయి. పాత ఊహ ప్రకారం పని ఇక్కడితో అయిపోయినట్టే, అవరోధం దాటితే కలిసినట్టే. తేలిక కేంద్రకాల విషయంలో అది నిజం కూడా. బరువైనవాటిలో మాత్రం ఇది ఇంకా సగం దారి.

చెప్పు నాయనా, లేచి గట్టిగా అడుగు, వెనకవాళ్ళకు కూడా వినపడాలి.

(ఒక విద్యార్థి: సార్, కేంద్రక బలం విద్యుత్ బలం కంటే చాలా ఎక్కువ కదా సార్, ఒకసారి పట్టుకున్నాక మళ్ళీ ఎందుకు వదులుతుంది?)

చాలా మంచి ప్రశ్న, నేను చెప్పాల్సిన మాటను నువ్వే ముందుకు తెచ్చావు. కేంద్రక బలం గట్టిదే, కానీ దాని చెయ్యి పొట్టిది. ఒక ప్రోటాను తన పక్కనున్న కొద్ది కణాలనే పట్టుకోగలదు. విద్యుత్ వికర్షణ అలా కాదు, ఈ చివరనున్న ప్రోటాను ఆ చివరనున్న ప్రోటానును కూడా నెడుతుంది, ప్రతి ప్రోటానూ మిగతా ప్రతి ప్రోటానునూ నెడుతుంది. ప్రోటాన్లు రెట్టింపైతే ఈ నెట్టుడు నాలుగింతలవుతుంది. రెండు బరువైన కేంద్రకాలు అంటుకున్నప్పుడు వాటి ఆకారం పొడుగ్గా, మధ్యలో మెడతో ఉంటుంది కదా, అందులో ఒకదాన్నొకటి పట్టుకున్నది ఆ మెడ దగ్గరి కణాలు మాత్రమే, నెట్టుకుంటున్నది మాత్రం మొత్తం 112 ప్రోటాన్లూ. గుండ్రంగా, దగ్గరగా ముడుచుకుంటేనే స్థిరపడుతుంది. అలా ముడుచుకోవాలంటే ఇంకో మిట్ట దాటాలి, ఆ మిట్ట అంటుకున్న చోటు కంటే లోపల ఉంటుంది. ఇక్కడే ఇంకో సమస్య వస్తుంది. వచ్చిన వేగమంతా అంటుకున్న క్షణంలోనే రాపిడి వల్ల వేడిగా మారిపోతుంది, లోపలికి తోసుకుపోవడానికి ఊపు మిగలదు. అప్పుడు మెల్లగా బయటికే జారుతుంది. స్వియాటెకీ అనే శాస్త్రవేత్త 1980ల మొదట్లోనే ఈ మాట చెప్పాడు, బరువైనవి కలవాలంటే అవరోధం దాటే శక్తి ఒక్కటే చాలదు, పైన ఇంకొంచెం తోపు కావాలని. రెండు కేంద్రకాల పరమాణు సంఖ్యలను గుణిస్తే వచ్చే లబ్ధం 1600 దాటితే ఈ గొడవ పెద్దదవుతుందని అప్పట్లో ఒక మోటు లెక్క. కాల్షియం, యురేనియం లబ్ధం 1840.

ఇప్పుడు చిక్కు ఎక్కడ వచ్చిందో చూడండి. నిజంగా కలిసిపోయి, ఒకే కేంద్రకంగా కాసేపు ఉండి, తర్వాత చీలితే వచ్చేవి రెండు ముక్కలు. కలవకుండా మధ్యలోనే విడిపోతే వచ్చేవీ రెండు ముక్కలే. రెండు సందర్భాల్లోనూ ముక్కల శక్తి దాదాపు ఒకటే, ఒకదానికొకటి వ్యతిరేక దిశల్లో పోవడం కూడా ఒకటే. మనం కేంద్రకం లోపలికి తొంగి చూడలేం. మరి ఏది కలిసి చీలింది, ఏది కలవకుండా విడిపోయింది అని ఎలా చెప్తాం?

కాలాన్ని బట్టి చెప్తాం. కానీ ఎంత కాలం? ఒక సెకనును లక్ష కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక్క ముక్కను మళ్ళీ వంద కోట్ల ముక్కలు చేస్తే వచ్చేది ఒక జెప్టో సెకను. ఆ సమయంలో కాంతి కూడా 300 ఫెమ్టోమీటర్లే పోగలదు, అంటే యురేనియం కేంద్రకాన్ని ఓ ఇరవై సార్లు పక్కపక్కన పేర్చినంత దూరం. క్వాజీ ఫిషన్ కొన్ని జెప్టో సెకన్లలో, పోనీ పదీ ఇరవై జెప్టో సెకన్లలో అయిపోతుంది. నిజంగా కలిసిన కేంద్రకం చీలడానికి మాత్రం దానికి ఎన్నో రెట్లు ఎక్కువ పడుతుంది, ఒక్కోసారి వేల రెట్లు. ఇంత చిన్న కాలాన్ని కొలిచే గడియారం ఎక్కడా లేదు. కానీ ప్రకృతి తనలోనే ఒకటి పెట్టుకుంది.

గుద్దుకోవడం ఎప్పుడూ నడిమధ్యన సూటిగా జరగదు, కొంచెం పక్కగా తగులుతుంది. అలా తగిలినప్పుడు అంటుకున్న జంట గిర్రున తిరుగుతుంది. దేవుని కడప తిరునాళ్ళలో రంగుల రాట్నం తిరుగుతుండగా ఒక పిల్లాడు దూకాడనుకోండి, వాడు ఏ వైపు పడ్డాడో చూస్తే, ఎక్కినచోటు తెలుసు కాబట్టి, ఎంతసేపు తిరిగి దూకాడో చెప్పొచ్చు. అది కూడా ఒక చుట్టు తిరిగేలోపు దూకితేనే. చాలా చుట్లు తిరిగాక దూకితే ఎక్కడైనా పడొచ్చు, ఎక్కినచోటుకూ పడినచోటుకూ సంబంధం ఉండదు. కేంద్రకాల విషయంలోనూ ఇంతే. సగం చుట్టు తిరగకముందే విడిపోతే, బరువైన ముక్క ఒక వైపు, తేలిక ముక్క ఒక వైపు ఎక్కువగా కనపడతాయి. పైగా ఎంతసేపు అంటుకుని ఉంటే అంత ఎక్కువ కణాలు బరువైనదాన్నుంచి తేలికదానిలోకి పారి, రెండూ సమానం కావడానికి దగ్గరవుతాయి. అంటే కోణం ఒక లెక్క చెప్తుంది, ముక్క బరువు ఇంకో లెక్క చెప్తుంది, రెండూ ఒకే కాలానికి సాక్ష్యం. ఈ రెండింటినీ ఒకే పటం మీద, నిలువునా కోణం, అడ్డంగా బరువు పెట్టి గీసే పద్ధతి 1980ల్లో జర్మనీలోని జీఎస్ఐ ప్రయోగశాలలో యురేనియం పుంజాలతో, అంటే వేగంగా తోసిన యురేనియం అయాన్ల ధారలతో, చేసిన ప్రయోగాల్లో వచ్చింది. తర్వాత కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో దాన్ని చాలా సానబెట్టారు.

ప్రయోగం ఎట్లా ఉంటుందో కాస్త దగ్గరగా చెప్తాను, ఎందుకంటే పిల్లలు యాక్సిలరేటర్ అంటే పెద్ద పెద్ద గొట్టాలే అనుకుంటారు. మొదలు టార్గెట్‌తో, అంటే పుంజం వెళ్ళి తగిలే పదార్థంతో. దబ్బళం మందం రేకు పెడితే పనికిరాదు, కాల్షియం అందులోనే ఇరుక్కుని శక్తంతా పోగొట్టుకుంటుంది, ముక్కలు బయటికే రావు. అందుకని గాజు పలక మీద బేరియం క్లోరైడ్ పూత వేసి, దాని మీద కార్బన్‌ను ఆవిరి చేసి చాలా పలుచని పొర పట్టిస్తారు. తర్వాత ఆ పలకను వాలుగా, చాలా నెమ్మదిగా నీళ్ళలోకి దించుతారు. బేరియం క్లోరైడ్ కరిగి, కార్బన్ పొర ఒక్కటే ఊడొచ్చి నీళ్ళ మీద తేలుతుంది. బూడిద రంగులో, ఊపిరి గట్టిగా వదిలితే మడతపడేంత పలుచన. కింద నుంచి ఒక చిన్న రంధ్రమున్న అల్యూమినియం ఫ్రేమును పెట్టి, నీళ్ళలోంచి దాన్ని ముడత పడకుండా పైకెత్తాలి. ఆ పనిలో చెయ్యి తిరిగినవాళ్ళని చూస్తే ముచ్చటేస్తుంది. అసలు టార్గెట్ పదార్థం, సీసమో టంగ్‌స్టనో, ఇలాంటి పొర మీదే పలచగా పట్టించి ఉంటుంది.

ఆ ఫ్రేమును గాలి తీసేసిన గదిలో పెట్టి, పుంజం వదులుతారు. గదిలో అటొకటి ఇటొకటి పెద్ద డిటెక్టర్లు ఉంటాయి, తల వెంట్రుక కంటే సన్నని తీగెలు వరసగా కట్టి, తక్కువ పీడనంలో గ్యాసు నింపిన పెట్టెలవి. ఒక ముక్క వచ్చి తగిలితే ఏ తీగె దగ్గర తగిలిందో, ఎప్పుడు తగిలిందో తెలుస్తుంది. రెండు డిటెక్టర్లలో ఒకేసారి తగిలినవాటినే లెక్కలోకి తీసుకుంటాం, అవే ఒకే జంటలోంచి వచ్చిన రెండు ముక్కలు. వేగాల నిష్పత్తిలోంచి బరువుల నిష్పత్తి వస్తుంది, తగిలిన చోటులోంచి కోణం వస్తుంది. కంప్యూటరు మీద ఒక్కో జంటకు రెండు చుక్కలు. మొదట్లో ఏమీ అర్థం కాదు, చీమలు పాకినట్టు చుక్కలు. కొన్ని గంటలు గడిచేసరికి ఆకారం తేలుతుంది. పటం నడుమన నిలువుగా ఒక పట్టీ వచ్చిందంటే, కోణానికీ బరువుకూ సంబంధం లేదు, కలిసి, అన్నీ మరిచిపోయి, తీరిగ్గా చీలినవి. అదే పట్టీ ఏటవాలుగా వాలిందంటే మధ్యలో విడిపోయినవి. ఆ వాలు కనపడిన పటం చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది, ఎందుకంటే జెప్టో సెకన్లలో జరిగిపోయిన సంగతి అక్కడ కాగితం మీద గీత లాగా కూర్చుని ఉంటుంది.

మరిచిపోవడం అన్నాను కదా, అది ఊరికే అన్న మాట కాదు. 1936లో నీల్స్ బోర్ చెప్పిన సిద్ధాంతం అది. రెండు కేంద్రకాలు నిజంగా కలిసి ఒక సంయుక్త కేంద్రకం అయితే, అది తను ఎట్లా పుట్టిందో మరిచిపోతుంది, తర్వాత ఏమవుతుందన్నది దాని శక్తి, భ్రమణం మీద ఆధారపడుతుంది గాని పుట్టుక మీద కాదు. ఈ మాటను పట్టుకుని కాన్‌బెర్రా బృందం చేసిన ఒక ప్రయోగం 2001లో నేచర్ పత్రికలో వచ్చింది. నాకు ఈ మొత్తం విషయంలో బాగా నచ్చింది ఇదే, అందుకని కొంచెం నిదానంగా చెప్తాను, పుస్తకంలో రాసుకోండి.

వాళ్ళు ఒకే కేంద్రకాన్ని, రేడియం 216ను, మూడు దారుల్లో తయారు చేశారు. కార్బన్ 12ను సీసం 204 మీద కొడితే 12కు 204 కలిపి 216, ప్రోటాన్లు 6కు 82 కలిపి 88. ఫ్లోరిన్ 19ను బంగారం 197 మీద కొడితే మళ్ళీ 216, 9కి 79 కలిపి 88. సిలికాన్ 30ని టంగ్‌స్టన్ 186 మీద కొడితే అదీ 216, 14కు 74 కలిపి 88. మూడు దారులూ ఒకే ఊరికి. బోర్ చెప్పినట్టయితే ఊరు చేరాక ఎటు నుంచి వచ్చావన్నది లెక్కలోకి రాకూడదు. చీలకుండా న్యూట్రాన్లు వదిలేసి చల్లబడి బతికి బయటపడ్డ బరువైన కేంద్రకాల వాటా మూడింటిలోనూ సమానంగా ఉండాలి. కొలిచి చూస్తే కార్బన్ దారిలో కంటే ఫ్లోరిన్, సిలికాన్ దారుల్లో గణనీయంగా తక్కువ వచ్చాయి. అంటే ఆ రెండు దారుల్లో వచ్చినవాటిలో కొంత భాగం ఊరే చేరలేదు, మధ్యలోనే విడిపోయాయి. ఆశ్చర్యం ఎక్కడంటే, వీటి లబ్ధాలు 492, 711, 1036. మోటు లెక్కలోని 1600 కు చాలా కింద. అక్కడ క్వాజీ ఫిషన్ ఉండదనే అప్పటిదాకా అందరూ ధీమాగా ఉన్నారు. ఈ బృందంలో డేవిడ్ హిండేతో పాటు పనిచేసిన మహానంద దాస్‌గుప్తా మన దేశంలో చదివి, ముంబయిలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్‌లో పరిశోధన చేసి అక్కడికి వెళ్ళిన ఆవిడ. వెనక వరసలో కూర్చున్న ఆడపిల్లలు ఈ పేరు గుర్తు పెట్టుకోండమ్మా.

ఆకారం సంగతి కూడా ఉంది. సీసం 208 లాంటిది గుండ్రంగా ఉంటుంది, 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు, రెండూ మ్యాజిక్ సంఖ్యలే, అంటే కణాలు సరిగ్గా అంతమంది ఉంటే కేంద్రకానికి ప్రత్యేకమైన స్థిరత్వం వచ్చే సంఖ్యలు, అందుకే గట్టిగా ముడుచుకుని ఉంటుంది. యురేనియం 238 అట్లా కాదు, కొంచెం కోలగా సాగి ఉంటుంది. కొట్టే కేంద్రకం దాని కొన మీద తగిలిందనుకోండి, అంటుకున్న జంట మొదటి నుంచే చాలా పొడుగ్గా ఉంటుంది, కాబట్టి విడిపోవడానికే మొగ్గుతుంది. నడుము మీద తగిలితే మొత్తం పొట్టిగా ఉంటుంది, కలవడానికి వీలుంటుంది. ఆక్సిజన్ 16ను యురేనియం మీద కొట్టి 1990ల్లోనే ఈ తేడాను చూపించారు. నడుము మీద తగలాలంటే శక్తి కొంచెం ఎక్కువ ఇవ్వాలి, ఎక్కువిస్తే వేడెక్కుతుంది. ఒకటి సర్దితే ఇంకొకటి పాడవుతుంది, ఈ రంగమంతా ఇంతే.

ఇంకో మాట, త్వరగా చెప్పేస్తాను. కాల్షియం, యురేనియం జంట విడిపోయేటప్పుడు సమాన ముక్కలుగా విడిపోవడానికి ముందే, ఒక ముక్క సీసం 208 దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఆగుతుంది. మొత్తం 286 లోంచి 208 పోతే మిగిలేది 78. పటంలో ఆ రెండు చోట్లా చుక్కలు గుంపుగా కనపడతాయి. రష్యాలో దుబ్నా ప్రయోగశాలవాళ్ళు ఈ కొలతలు చాలా చేశారు. సీసం గట్టిదనం అంత కొద్ది సమయంలో కూడా తన వైపు లాగుతోందన్నమాట.

ఇప్పుడు కొత్త మూలకాల సంగతికి వద్దాం. కొత్త మూలకం పుట్టాలంటే మూడు గడపలు దాటాలి. ఒకటి అంటుకోవాలి, రెండు నిజంగా కలవాలి, మూడు కలిశాక చీలకుండా చల్లబడాలి. మొదటిదీ మూడోదీ లెక్కగట్టడం కొంత చేతనవుతుంది. రెండోదాని దగ్గరే సిద్ధాంతాలు ఒకదానితో ఒకటి పదింతలు, వందింతలు కూడా తేడా చెప్తాయి. మధ్యలో విడిపోయినవాటిని ఇంత శ్రద్ధగా కొలవడం అందుకే. చెత్త కింద పక్కకు పెట్టాల్సినవి కావు అవి, ఏ జంటను వాడాలో చెప్పేవి అవే.

దుబ్నాలో యూరి ఒగనెస్సియన్ బృందం కాల్షియం 48ను ఎంచుకోవడంలో తెలివి ఇదే. 20 ప్రోటాన్లు, 28 న్యూట్రాన్లు, రెండూ మ్యాజిక్ సంఖ్యలే, న్యూట్రాన్లు దండిగా ఉన్నాయి, లబ్ధం మరీ పెరగదు. కానీ మామూలు కాల్షియంలో ఇది వెయ్యికి రెండు వంతులు కూడా ఉండదు, విడదీయడం చాలా ఖరీదు. దాన్ని కాలిఫోర్నియం 249 మీద కొట్టి 118ని తెచ్చారు. ఆ మూలకానికి ఆయన బతికుండగానే ఆయన పేరు మీదే ఒగనెస్సాన్ అని 2016లో పేరు పెట్టారు. ఇప్పటిదాకా నమోదైన ఒగనెస్సాన్ పరమాణువులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, దాని అర్ధాయువు ఒక మిల్లీ సెకను కూడా లేదు. 117 కోసమైతే బెర్కీలియం 249 కావాల్సి వచ్చింది. అమెరికాలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాల రియాక్టరులో తయారుచేసి ఇచ్చింది 22 మిల్లీగ్రాములు. దాని అర్ధాయువు సుమారు 330 రోజులు, అంటే పెట్టెలో పెట్టుకుని కూర్చుంటే ఏడాదిలోపే సగం పోతుంది, కాబట్టి విమానమెక్కించి, పరుగుల మీద టార్గెట్ చేసి ప్రయోగం మొదలుపెట్టారు. జపాన్‌లో రైకెన్ సంస్థలో కొసుకే మొరీటా బృందం జింకు 70ని బిస్మత్ 209 మీద కొట్టి 113ని వెతికింది. 2004లో ఒకటి, 2005లో ఒకటి, మూడోది 2012లో. మూడే మూడు పరమాణువులు. ఆ ఏడేళ్ళ ఎదురుచూపును తలుచుకోండి. లబ్ధం అక్కడ 2490, దాదాపు అన్నీ మధ్యలోనే విడిపోతున్నాయి.

ఆ అమ్మాయి చాలాసేపటి నుంచి చెయ్యెత్తింది, అడుగమ్మా.

(ఒక విద్యార్థిని: సార్, దీంతో కరెంటు తయారు చెయ్యొచ్చా? ఫ్యూజన్‌తో చేస్తారంటున్నారు కదా సార్.)

లేదమ్మా. కరెంటు కోసం చేసే ఫ్యూజన్ డ్యుటీరియం, ట్రిటియం లాంటి తేలిక కేంద్రకాలతో, అక్కడ కలిస్తే శక్తి వస్తుంది. ఇనుము, నికెల్ దాటాక కలపడానికి శక్తి మనమే పెట్టాలి. ఇక్కడ అడుగుతున్నది వేరే, ఆవర్తన పట్టిక ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది అని. బంగారం, యురేనియం లాంటివి పుట్టే చోట్లు, న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొనే చోట్లు, అక్కడ కూడా చాలా బరువైన కేంద్రకాలు పెరిగి చీలుతుంటాయి, ఆ లెక్కలకూ ఈ కొలతలు కావాలి. మంచి ప్రశ్నే, కూర్చో.

ఇవన్నీ విదేశాల్లోనేనా అని మీరు అనుకోవచ్చు, కాదు. ఢిల్లీలో జేఎన్‌యూ పక్కనే ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ ఉంది. అందులో పెల్లెట్రాన్ అనే యంత్రం, ఒక ఎత్తైన ట్యాంకు, లోపల ఒక రకం గ్యాసు నింపి, మధ్యలో కోటిన్నర వోల్టుల దాకా నిలబెడతారు. రుణావేశ అయాన్లు కింది వైపు వస్తూ మధ్యకు లాగబడతాయి, అక్కడ పలుచని కార్బన్ రేకు వాటి ఎలక్ట్రాన్లను ఒలిచేస్తుంది, ధనావేశంగా మారి అదే వోల్టేజీతో మళ్ళీ తోయబడతాయి, ఒక్క వోల్టేజీతో రెండుసార్లు ఊపు. ముంబయిలో టీఐఎఫ్ఆర్‌లో ఇంకో పెల్లెట్రాన్ ఉంది, కోల్‌కతాలో సైక్లోట్రాన్ ఉంది. ఢిల్లీలో వంద న్యూట్రాన్ డిటెక్టర్లను గుమ్మటం లాగా అమర్చిన ఏర్పాటు కూడా ఉంది. అది ఇంకో రకం గడియారం. కేంద్రకం చీలేలోపు ఎంత ఎక్కువసేపు ఉంటే అన్ని ఎక్కువ న్యూట్రాన్లు వదులుతుంది, కాబట్టి చీలికకు ముందు వచ్చిన న్యూట్రాన్లు తక్కువైతే అది తొందరగా విడిపోయిందని అర్థం. మన దేశంలోని చాలా విశ్వవిద్యాలయాల బృందాలు క్వాజీ ఫిషన్ మీద ఇక్కడే పనిచేశాయి. అది విశ్వవిద్యాలయాల కోసమే పెట్టిన కేంద్రం. ప్రతిపాదన రాసి, కమిటీ ముందు నిలబడి ఎందుకు కావాలో చెప్పుకోగలిగితే బీమ్ టైమ్, అంటే యంత్రం వాడుకునే సమయం, ఇస్తారు, ఏ ఊరి యూనివర్సిటీ అని చూడరు. కడప నుంచి ఎమ్మెస్సీ చేసి వెళ్ళినా సరే. కావాల్సింది క్వాంటం మెకానిక్స్ గట్టిగా రావడం, కంప్యూటరు మీద ప్రోగ్రాం రాయగలగడం, రాత్రి షిఫ్టుల్లో ఓపిగ్గా కూర్చోగలగడం.

(ఇంకో ప్రశ్న, ఒక లెక్చరర్: 119, 120 ఎందుకు రావడం లేదు సార్? అదే కాల్షియంతో కొనసాగించొచ్చు కదా?)

కొనసాగించలేరు మేడమ్. కాల్షియం 20, కాబట్టి 119 కావాలంటే టార్గెట్ 99, అంటే ఐన్‌స్టీనియం ఉండాలి. టార్గెట్ చెయ్యడానికి సరిపడేంత ఐన్‌స్టీనియం ఎక్కడా లేదు. కాబట్టి కొట్టేదాన్నే మార్చాలి. జపాన్‌వాళ్ళు వనేడియం 51ని క్యూరియం 248 మీద కొట్టి 119 కోసం చూస్తున్నారు. అమెరికాలో బర్కిలీ ప్రయోగశాలవాళ్ళు టైటానియం 50 తీసుకున్నారు, కాలిఫోర్నియం మీద కొడితే 22కు 98 కలిపి 120 వస్తుంది. కానీ టైటానియం 50లో న్యూట్రాన్లు 28, అది మ్యాజిక్కే గాని, ప్రోటాన్లు 22 కాదు, అంటే కాల్షియంలా రెండు రకాలుగా మ్యాజిక్ కేంద్రకం కాదు, లబ్ధం కూడా పెరుగుతుంది, మధ్యలో విడిపోయేవి ఎంత పెరుగుతాయో చూసుకోకుండా దిగడం కష్టం. అందుకని ముందు టైటానియాన్ని ప్లుటోనియం 244 మీద కొట్టి, ఇదివరకే తెలిసిన 116, లివర్మోరియం వస్తుందో లేదో చూశారు. సెకనుకు సగటున ఆరు లక్షల కోట్ల టైటానియం అయాన్లు, 22 రోజులు. మొత్తం మీద కోటి లక్షల కోట్ల అయాన్లు పోయాయి. అందులో ఎక్కువ భాగం ఏ కేంద్రకానికీ తగలకుండా రేకు దాటి వెళ్ళిపోతాయి, తగిలినవాటిలో ఎక్కువ భాగం మధ్యలో విడిపోతాయి, కలిసినవాటిలో ఎక్కువ భాగం చీలిపోతాయి. మిగిలినవి రెండు పరమాణువులు. 2024 జులైలో ప్రకటించారు. ఆ రెండింటితో టైటానియం దారి నడుస్తుందని తేలింది. 120కి అయితే ఇంతకు పదింతల సమయం పట్టొచ్చని వాళ్ళ అంచనా. ఆ పదింతలు ఇరవై ఇంతలు అవుతుందా, ఐదింతలకు తగ్గుతుందా అన్నది చాలావరకు ఆ రెండో గడప దగ్గరే, టైటానియం, కాలిఫోర్నియం జంటలు ఎన్ని కలవకుండా విడిపోతాయన్న దాని మీదే ఉంది.